వేడి బెల్లం దిమ్మ

ఎడపల్లి
19 జనవరి 2025

చెల్లె దీక్షితకు,

ఫోన్ ఉండగ ఉత్తరం ఏందని నవ్వుతవు. ఫోన్ ఉన్నది గని అది ఇంట్ల అందరిది. నేను మాట్లాడుతుంటే అత్తమ్మ పక్కకే కూసుంటది. మెసేజ్ పెడితే నా బిడ్డ రిషిత మీ బావ ముందట గట్టిగ చదువుతది. అందుకే ఇది రాసి బోధన్‌ల సుమేరాకు ఇస్తున్న. నాతోని ఇంటర్ చదివిన సుమేరా నీకు యాదికుండాలె. బస్టాండ్ ఎనుక బ్లౌజులు కుట్టే దుకాణం పెట్టింది. జవాబు ఆమె అడ్రసుకే రాయి. కుట్టిన బ్లౌజుల మడతల పెట్టి నాకిస్తది.

నాకు నొప్పి మల్ల ఎక్కువైంది. ఇదివరకు ముట్టైన దినాలే ఉండేది. ఇప్పుడు దానికి వారం ముందుగాలనే షురువైతది. నడుముల నుంచి తొడల దాక మెలిపెడుతది. దొడ్డికి పోవాలన్నా భయమైతది. పోయిన నెల తానం జేసేకాడ కండ్లు తిరిగి పడిపోయిన. రిషిత చూసి లేపింది.

నిజామాబాద్‌ల ఒక ప్రైవేటు దవాఖానకు పోయినం. స్కానింగ్ తీసి, అంత సాఫ్ ఉన్నది, ఏం లేదు అన్నరు. ఏం లేకపోతే నొప్పెందుకని మీ బావ అడిగిండు. ఒక బిడ్డ ఉన్నది కదా, పదేండ్ల సంది ఇంకో కాన్పు కానే లేదు, గర్భసంచి తీసేస్తే ఈ లొల్లే ఉండదని డాక్టరమ్మ చెప్పింది. శివరాత్రి దాటితే మా చెరుకు అయిపోతది కాబట్టి మార్చి ఆరు తారీఖు పెట్టుకున్నం.

మా గానుగ సంగతి నీకెరుకనే. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డ నుంచి మా చెరుకుతోని మేమే బెల్లం వండుతున్నం. ముట్టైనామె పెనం దిక్కు వస్తే పాకం గట్టిపడదని అత్తమ్మ అంటది. నేను ఆ దినాలు ఇంటెనుక రేకుల అర్రల ఉంట. నేను కనబడకపోతే కూలోళ్లకు సుత సంగతి తెలుస్తది. అత్తమ్మకు ఆ బాధ లేదు. మీ బావ పదో తరగతిల ఉన్నప్పుడే ఆమె సంచి తీయించుకున్నది. అప్పటి సంది సీజన్ మొత్తం పెనం కాడ ఆమెనే. "నన్ను సూడు బిడ్డ, ఒక్కపారి తీసేస్తే పీడ పాయె" అంటది. మా వాడల ఆమెను చూసి తీయించుకున్నోళ్లు ఇంకా ఉన్నరు.

నాకు ఒకటే భయం. ఏం లేదన్న కడుపుల ఇంత నొప్పి ఉంటే అది క్యాన్సరా? నాకు చెప్పకుండ దాస్తున్నరా? నువ్వు హైదరాబాద్ దవాఖాన్ల ఆడోళ్ల కడుపునొప్పి మీద జరిగే పరిశోధనల పని జేస్తున్నవు కదా. నాకు ఉన్నదున్నట్టు రాయి.

ఇంట్ల అందరు మంచిగున్నరు. రిషితే బద్ధకం నేర్చింది. దసరాకు పెద్దమనిషైనప్పటి సంది కడుపునొప్పని నెలనెల బడి ఎగ్గొడుతది. నన్ను చూసి నేర్చిన నాటకం. మొన్న వీపు మీద ఒకటిచ్చిన.

రేకుల అర్రలకెల్లి,
నీ అక్క సంజన


హైదరాబాద్
25 జనవరి 2025

అక్కా,

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే క్యాన్సర్ అనుకోవాల్సిన పని లేదనే మా డాక్టర్ మేడం చెప్పింది. నీ పేరు చెప్పకుండ అడిగిన. చూడకుండ ఏదీ తేల్చి చెప్పలేనని కూడ అన్నది.

ఆమెకు అనుమానం ఉన్న జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఒక పొర ఉంటది. అది నెలనెల పెరిగి ఊడిపోతది, అదే ముట్టు. అసొంటి పొరే కొందరికి సంచి బయట కూడ మొలుస్తది. అండాశయాల మీద, పేగుల మీద, వీపు దిక్కు నరాల దగ్గర. నెలనెల అది కూడ వాస్తది, రక్తం కారుతది, కానీ ఆ రక్తం బయటికి పోయే తొవ్వ ఉండదు. లోపల పుండు పడి, మాని, మల్ల పడి, ఒక అవయవం ఇంకోదానికి అతుక్కుంటది. పిల్లలు కాకపోవడానికి కూడ ఇది ఒక కారణం. పదిమంది ఆడవాళ్లల్ల ఒకరికి ఉంటదని లెక్క. అయినా దీనికి పేరు పెట్టేసరికి ఏండ్లు పడుతున్నయి. పెద్ద దేశాలల్ల కూడ అంతే.

స్కానింగ్ సాఫ్ ఉన్నదంటే జబ్బు లేదని కాదు. చిన్న మచ్చలు మామూలు స్కానింగ్‌ల కనబడవు.

ఎందుకొస్తదో ఇప్పటికీ పూర్తిగ తెలియదు. ముట్టు రక్తం కొంత ఎనుకకు, గొట్టాల గుండ కడుపులకు పోవుడు వల్ల అని వందేండ్ల సంది ఒక మాట ఉన్నది. కానీ అట్ల చాలామందికి పోతది, అందరికి జబ్బు రాదు. కొందరికే ఎందుకన్నది ఇప్పుడు వెతుకుతున్నరు. వేలమంది రక్తం పోల్చి చూసి కొన్ని జన్యువుల తేడాలు పట్టుకున్నరు. జపాన్‌ల ఈ జబ్బున్న ఆడవాళ్ల గర్భసంచి పొరల ఒక బ్యాక్టీరియా ఎక్కువ కనబడ్డది. దానికి మందిస్తే ఎలుకలల్ల మచ్చలు తగ్గినయి. మనుషులల్ల ఇంకా రుజువు కాలేదు.

మందుల సంగతి. పూర్తిగ నయం చేసే మందు లేదు. నొప్పిని అదుపుల పెట్టే హార్మోన్ గోలీలున్నయి. చిన్న గాటు పెట్టి కెమెరా పంపి, ఆ మచ్చలను ఏరి తీసే ఆపరేషన్ ఉన్నది. జబ్బు సంచి బయట ఉన్నప్పుడు సంచి ఒక్కటే తీస్తే నొప్పి పోతదన్న గ్యారంటీ లేదు.

నువ్వు ఇక్కడికి రా. మేడంకు చూపిస్త. పరిశోధనల నీ పేరు కూడ రాయిస్త.

హాస్టల్ల అన్నం అట్లనే ఉన్నది. సుమేరా అక్కకు సలాం చెప్పు.

దీక్షిత


ఎడపల్లి
3 ఫిబ్రవరి 2025

దీక్షీ,

నీ ఉత్తరం చదివితే ధైర్యం వస్తదనుకున్న. ఉన్నది సుత పోయింది.

ఎందుకొస్తదో తెల్వదంటవు. స్కాన్ల కనబడదంటవు. నయం చేసే మందు లేదంటవు. మరి నేను రావుడెందుకు? పరిశోధనల పేరు రాయించుడంటే ఏంది? ఎలుకలకిచ్చిన మందు ఇప్పుడు నా మీద చూస్తరా? ఇక్కడ డాక్టరమ్మ ఒక తారీఖు చెప్పింది. నువ్వు ఎలుకల ముచ్చట చెప్తున్నవు. కోపం చేసుకోకు. రాత్రంత నా పేగులు దేనికో అతుక్కున్నట్టే అనిపించింది. నువ్వు రాయకముందు నాకు నొప్పి మాత్రమే ఉండె. ఇప్పుడు ఆ నొప్పి లోపల ఎట్లుంటదో కండ్ల ముందు కనబడుతున్నది.

నాందేడ్ దిక్కుకెల్లి చెరుకు కొట్టనీకి వచ్చినోళ్లల్ల ఒకామె ఉన్నది, నా ఈడుదే. ఆమెకు సుత సంచి లేదట. తీయించుకుంటే సీజన్ల ఒక్క దినం సుత పని ఆగదని చెప్పింది. అంత మంచిగ చెప్పింది గని, చెప్పుతున్నంతసేపు నడుము మీదకెల్లి చెయ్యి తియ్యలే.

అందరు అబద్ధం చెప్తరా, నువ్వొక్కదానివే నిజమా? అత్తమ్మను నేను రోజు చూస్తున్న. తెల్లారకముందు లేస్తది, పొయ్యికి చెరుకు పిప్పి ఎగేస్తది, రసం పొంగితే మొగోళ్లను పక్కకు నూకి ఆమెనే కలుపుతది. నేను ఆమె వయసుకు అంత పని చెయ్యగలనా అనిపిస్తది.

ఒక్కటే పిచ్చి అలవాటున్నది ఆమెకు. అచ్చులకెల్లి తీసిన దిమ్మ వేడి మీద ఉన్నప్పుడే కొంగుల చుట్టి, పొత్తికడుపుకు ఆనిచ్చుకొని గోడకు కూసుంటది. గట్టిపడ్డదా చూస్తున్న అంటది. కూలోళ్లు నవ్వుతరు. చెరుకు తెచ్చే భోజన్న అయితే, "భూమవ్వకు ఈ వయసుల కాన్పు వచ్చింది, బెల్లం పుట్టింది" అన్నడు. రోజు చెయ్యది, కొన్ని దినాలే. అప్పుడు ఎవలన్న పలకరిస్తే కసురుతది. గ్యాస్ గోలీ తెమ్మని మీ బావను దుకాణానికి తోలుతది.

బోధన్ పోతున్న, సుమేరాకు ఇస్త.

సంజన


హైదరాబాద్
8 ఫిబ్రవరి 2025

అక్కా,

తప్పు నాదే. నీకు కావాల్సింది ఒక్క మాటైతే నేను తరగతి పాఠం రాసిన. పరిశోధనల పేరు రాయించుడంటే నీ మీద మందు చూసుడు కాదు. మేము ప్రశ్నలు అడుగుతం, నువ్వు ఒప్పుకుంటే రక్తం కొంచెం తీసుకుంటం. వద్దంటే వద్దు. దానికీ వైద్యానికీ సంబంధం లేదు, డాక్టర్ చూసుడు చూస్తది.

అత్తమ్మ దిమ్మ ముచ్చట నువ్వు నవ్వులాటకు రాసినవు. నాకు మాత్రం అది చదివి భయమైంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లను నేను అడిగే ప్రశ్నలల్ల ఒకటి ఇది: నొప్పి వచ్చినప్పుడు ఇంట్ల ఏం చేస్తరు? కాగిన నీళ్ల సీసా అంటరు. పొయ్యిల పెట్టిన ఇటుక గుడ్డల చుట్టి పెట్టుకుంటమంటరు. ఒకామె ఇస్త్రీ పెట్టె అన్నది, కడుపు మీద కాలిన మచ్చ చూపించింది. అందరు పెట్టుకునేది ఒక్క చోటనే. నువ్వు రాసిన చోటనే.

సంచి తీసినప్పుడు చాలామందికి అండాశయాలు ఉంచుతరు. ముట్టు రాదు, కానీ అవి పనిచేస్తనే ఉంటయి. బయట మచ్చలు మిగిలి ఉంటే వాటికి నెలనెల అదే సంకేతం అందుతది. అత్తమ్మకు యాభై కూడ నిండలేదు. నేను తప్పు కావొచ్చు, అది గ్యాసే కావొచ్చు. ఆమెను ఒక్క మాట అడుగు. నొప్పి ఎప్పుడెప్పుడు వస్తది అని. నువ్వు ఆమెను చూసే కత్తి కిందికి పోతున్నవు కాబట్టి అడగమంటున్న.

ఇంకోటి కూడ దాచకుండ రాస్తున్న. తల్లికో అక్కచెల్లెలికో ఈ జబ్బుంటే వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. మనమ్మ నెలకొకసారి తలుపేసుకొని పడుకునేది, బాపు మనల్ని పెద్దమ్మ ఇంటికి తోలేటోడు, యాదికున్నదా? నాకూ నొప్పి ఉన్నది. నేను పరీక్ష చేయించుకోలేదు. రోజు అదే గదిల పనిచేస్తూ కూడ భయపడి చేయించుకోలేదు.

రిషితది నాటకం అనకు.

దీక్షిత


ఎడపల్లి
17 ఫిబ్రవరి 2025

దీక్షితకు,

ఇగ రాయకు.

మీ బావ గోనెసంచుల కోసం బోధన్ పోయిండు. దారిలనే కదా అని బ్లౌజులు తనే తీసుకున్నడు. సుమేరా పెండ్లికి పోయింది, దుకాణంల ఆమె తమ్ముడు అయాజ్ ఉన్నడు. అతనికి సంగతి ఎరుక లేదు. నీ ఉత్తరం హోటల్ల చాయ తాగుకుంట చదివిండు మీ బావ.

లొల్లి పెట్టలే. పెడితే మంచిగుండె. బ్లౌజులు, నీ ఉత్తరం మంచం మీద పెట్టి, "మీ రక్తంలనే ఉన్నదట గదా, ముందుగాలెందుకు చెప్పలే" అన్నడు. నేను నాకే ఇప్పుడు తెలిసిందన్న. మా అవ్వను సుత రోగిష్టిని జేసింది మీ చెల్లె, ఆమెకేం తక్కువైంది అన్నడు. ఆ ఉత్తరం సంగతి అత్తమ్మకు చెప్పలే. తల్లి నుంచి బిడ్డకు వస్తదట అన్న ఒక్క మాటే చెప్పిండు.

రాత్రి అత్తమ్మ రిషితకు నెత్తికి నూనె పెట్టుకుంట నా మీద జాలిగ మాట్లాడింది. భయపడకు అన్నది. "పోరికి పెండ్లయి ఇద్దరు పిల్లలైనంక దీనికి సుత తీయిస్తే అయిపాయె" అన్నది. ప్రేమతోనే అన్నది. నూనె రాస్తున్న చెయ్యి ఆగలే. రిషిత తల తిప్పకుండ కండ్లు మాత్రం నా దిక్కు తిప్పింది.

అప్పటి సంది నాకు నా ఆపరేషన్ గురించి ఆలోచనే లేదు.

నువ్వు అడగమన్నది నేను అడగ. అడిగితే ఆమె ఏమంటదో అని కాదు. ఉన్నది అంటే, నేను ఇంకెవలను చూసుకొని ధైర్యం తెచ్చుకోవాలె? తారీఖు అదే, మార్చి ఆరు.

సంజన


హైదరాబాద్
1 మార్చి 2025

అక్కా,

రాయకు అన్నవు. సుమేరా అక్కతో ఫోన్ల మాట్లాడి, నీ చేతికే ఇస్తనని మాట తీసుకొని రాస్తున్న.

ఇంటికి ఫోన్ చేస్తే బావ ఎత్తిండు, పొలం కాడ ఉన్నదన్నడు. మల్ల చేస్తే అదే మాట. బస్సెక్కి వద్దామనుకున్న. నేను గడపల నిలబడితే నువ్వు నా ముందట వాళ్ల దిక్కు మాట్లాడాల్సి వస్తదని ఆగిన. అది తప్పో ఒప్పో తెలుస్తలేదు.

ఆపరేషన్ వద్దే వద్దని నేను అనలేను. సంచి తీస్తే నయమయ్యేవాళ్లు ఉన్నరు. కొందరికి అది అవసరమే. కానీ నీకు ఒక్క గోలీ రాయలే. లోపల ఏముందో ఎవరూ చూడలే. చూడకుండ తీసేది మల్ల పెట్టలేరు. గోలీలు కూడ అందరికి పడవు, ఊరికే రక్తం మరకలు పడతయి, మనసు పాడైతది, అది కూడ చెప్తున్న. నా దగ్గర నీకు ఇవ్వనీకి ఖాయమైంది ఏదీ లేదు. అందుకే నా మాట ఓడిపోతదని నాకు తెలుసు. అక్కడ తారీఖు ఉన్నది, బెడ్ నంబర్ ఉన్నది. ఇక్కడ చూద్దాం అన్న మాట తప్ప ఏం లేదు.

ఒక్కటి మాత్రం ఆలోచించు. సంచి తీసినంక కూడ నీకు నొప్పి వస్తే దానికి నువ్వు ఏం పేరు పెడతవు? నువ్వు కూడ గ్యాస్ అంటవా? అప్పుడు రిషిత నిన్ను చూసి అదే కత్తి కిందికి పోతది.

దీక్షిత


ఎడపల్లి
8 మార్చి 2025

దీక్షీ,

ఆపరేషన్ కాలే. ముందు అది తెలుసుకో, తర్వాత మిగతాది చదువు.

బుధవారం ఆఖరి పెనం దించినం. నాకు ముట్టు దినాలు కావు, అందుకే నేను సుత అక్కడనే ఉన్న. మీ బావ పొయ్యి ఆర్పుతున్నడు. అత్తమ్మ గోడకు కూసొని దిమ్మ కడుపుకు పెట్టుకున్నది. నీ ఉత్తరం నా జాకెట్ల ఉండె. తెల్లారితే దవాఖాన. నేను పోయి పక్కకు కూసున్న.

"అత్తమ్మ, నొప్పున్నదా?"

"గ్యాస్ బిడ్డ. పప్పు తిన్న గదా."

"ఎప్పుడెప్పుడు వస్తది?"

"గదేం లెక్క. వస్తనే ఉంటది."

నేను ఊరుకుందామనుకున్న. మల్ల రిషిత కండ్లు యాదికొచ్చినయి. రోజు వస్తదా, నెలకోపారా అని అడిగిన. ఆమె పొయ్యి దిక్కు చూసుకుంట ఆలోచించింది. ఎన్నడు ఆలోచించనట్టే ఆలోచించింది.

"నెలకోపారే" అన్నది.

"గ్యాసుకు నెల ఎట్లెరుక అత్తమ్మ?"

ఆమె దిమ్మ తీసి కింద పెట్టింది. మల్ల తీసుకొని కడుపుకే పెట్టుకున్నది, ఈపారి కొంగుల దాచకుండ. మీ బావ చేతుల నీళ్ల బకెట్ అట్లనే ఉన్నది. విన్నడని అప్పుడెరుకైంది నాకు.

తెల్లారి పొద్దున బెడ్ చెప్పి పెట్టినం కదా అని నిజామాబాద్ పోయినం. అత్తమ్మ నేనొస్త అని ముందుగాలనే ఆటోల కూసున్నది. డాక్టరమ్మ గదిలకు పోయినంక నన్ను పక్కకు జరిపి స్టూల్ మీద ఆమె కూసున్నది. నాకు గర్భసంచి లేదమ్మ, మరి నెలనెల నొప్పెందుకొస్తున్నది అని అడిగింది. డాక్టరమ్మ, నువ్వు పేషెంట్ కాదు కదా, నీది తర్వాత చూద్దాం, ముందు కోడలిది కానియ్యి అన్నది. కసురుకోలే, మంచిగనే చెప్పింది. బయట మంది మస్తు ఉన్నరు.

అత్తమ్మ లేసి బయటికొచ్చి, "ఆటో తిప్పు ప్రశాంత్" అన్నది.

తారీఖు పెట్టుకున్నం కదవ్వా అన్నడు మీ బావ. అప్పుడు చెప్పింది ఆమె, దవాఖాన మెట్ల మీద, వచ్చేటోళ్లు పోయేటోళ్లు వింటుంటే.

"నీ పదో తరగతి పరీక్షలని అప్పుడు చెప్పలేదురా. ఆ తర్వాత చెప్పబుద్ధి కాలే. తీయించుకున్నంక సుత ఉన్నదంటే ఎవలు నమ్ముతరు? పెనం కాడికి రానిచ్చిండ్రు, గదే సాలనుకున్న."

మీ బావ ఆటో తిప్పిచ్చిండు. ఇప్పటికి సుత నాతోని సక్కగ మాట్లాడుతలేడు. మీ రక్తం అన్న మాట మాత్రం మల్ల అనలే. ఇప్పుడు రిషితకు రెండు దిక్కులకెల్లి ఉన్నది కదా. అది తలుచుకుంటే నాకు ఇంకింత భయం.

నువ్వు సంతోషపడుతవని రాస్తలేను. నాకు ముందుకన్నా ఎక్కువ భయమైతున్నది. ఆపరేషనుకు ఒక తారీఖుండె. ఆ తారీఖు దాటితే నొప్పి ఉండదని ఒక నమ్మకముండె. ఇప్పుడు నొప్పే ఉన్నది, తారీఖు లేదు. నిన్న నాకు షురువైంది. రేకుల అర్రలకు పో అని ఎవరూ అనలే. పెనం చల్లగున్నది కాబట్టి కావచ్చు. వచ్చే సీజన్ల ఏమంటరో ఎరుక లేదు. ఇది గానుగ కాడనే కూసొని రాస్తున్న.

ఇయ్యాల పొద్దున రిషిత కడుపు పట్టుకొని లేసింది. నా దగ్గరికి రాలే. నేను కొట్టిన కదా. అత్తమ్మ దగ్గరికి పోయి నిలబడ్డది. నేను తలుపు కాడ ఉండి చూస్తున్న. అత్తమ్మ గ్యాస్ అనలే, నాటకం అనలే. పోరిని పక్కకు కూసోబెట్టుకొని, ఎక్కడ, ఎప్పటి సంది, ఎట్లుంటది అని మెల్లగ ఒక్కొక్కటి అడిగింది. ఆమెను ఎవ్వరు ఎన్నడు అడగని మాటలవి. రిషిత చెప్తుంటే ఆమె చెయ్యి తన పొత్తికడుపు మీదికే పోయింది.

ఎల్లుండి సోమవారం కాదు, ఆ పై సోమవారం, పదిహేడు తారీఖు, పొద్దటి బస్సుకు వస్తున్నం. నేను, అత్తమ్మ, రిషిత, ముగ్గురం. నువ్వు బస్టాండ్‌ల ఉండు. నువ్వు సుత పరీక్ష చేయించుకోవాలె, ఆ దినమే, మా ముందట. నువ్వు ఒక్కదానివి లోపలికి పోవద్దు.

అత్తమ్మ బెల్లం దిమ్మ ఒకటి సంచిల సర్దింది. నీకు తిననీకేమో అనుకున్న. కాదు. దవాఖాన్ల ఎంతసేపు కూసోబెడతరో, చల్లబడితే వేడి చేసుకోనీకి పొయ్యి ఎక్కడన్న దొరుకుతదా అని నిన్ను అడిగి రాయమంటున్నది.

అక్క సంజన